నెట్టీ బైట్‌బఫ్: అయిదేళ్లు వాడాక, తిట్లతో సహా

ముందే చెప్పేస్తున్నా, ఇది డబ్బు పెట్టి కొనేది కాదు. అపాచీ 2.0 లైసెన్స్ కింద ఊరికే దొరికే, నెట్‌వర్క్ సర్వర్లు రాయడానికి పనికొచ్చే జావా లైబ్రరీ నెట్టీ, అందులో బైట్‌బఫ్ అనే ఒక్క ముక్క గురించే ఈ రివ్యూ. ఊరికే వచ్చిన దానికి రివ్యూ ఏంటి అనొచ్చు. నా వైపు నుంచి కొన్ని రాత్రుల నిద్ర, ఒక ఉగాది సెలవు ఖర్చయ్యాయి కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నా. మిక్సీల మీద, బిర్యానీ హోటళ్ల మీద తెలుగులో బోలెడు రివ్యూలు ఉన్నాయి, రోజూ ఎనిమిది గంటలు కుస్తీ పట్టే వస్తువుల మీద మాత్రం ఎవరూ రాయరు.

మా పని వాహనాల జీపీఎస్ ట్రాకింగ్. హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు, ఎక్కువగా స్కూలు బస్సులు, లారీలు, క్యాబులు. ఒక్కో బండిలో డ్యాష్‌బోర్డు వెనక చిన్న డబ్బా, దాంట్లో సిమ్ కార్డు. అది పది సెకన్లకోసారి మా సర్వర్‌కి టీసీపీ (ఇంటర్నెట్‌లో బైట్లని వరుస తప్పకుండా చేరవేసే పద్ధతి) మీద తానెక్కడుందో చెబుతుంది. చెప్పడం అంటే జేసన్‌లో ముచ్చటగా రాసి పంపడం కాదు, కొన్ని బైట్లు విసిరేసి పోతుంది. ఆ బైట్లని పట్టుకుని, చదివి, జవాబు రాసి పంపడానికి ఒక బఫర్, అంటే బైట్లు కాసేపు నిలవ ఉంచుకునే చోటు, కావాలి. మొదట జావాతో పాటు వచ్చే బైట్‌బఫర్ వాడాం, చేతులు కాలాక నెట్టీ బైట్‌బఫ్‌కి మారాం. పేర్లు కవల పిల్లల్లా ఉన్నాయి కాబట్టి ఇక్కడి నుంచి మొదటిదాన్ని పాతది అని, రెండోదాన్ని నెట్టీది అని అంటాను.

అసలు ఏం చదవాలో ఒకసారి చూస్తే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. మా డబ్బాల్లో ఎక్కువ జీటీ06 అనే ప్రోటోకాల్ మాట్లాడతాయి. లొకేషన్ ప్యాకెట్ మొత్తం 36 బైట్లు. మొదటి రెండు బైట్లు 120, 120, ఇది మొదలు గుర్తు. తర్వాత ఒక బైట్ పొడవు, 31. తర్వాత ప్యాకెట్ రకం, 18 అంటే లొకేషన్. ఆపైన ఆరు బైట్లు తేదీ, సమయం. ఒక బైట్ శాటిలైట్ల వివరం, నాలుగు బైట్లు అక్షాంశం, నాలుగు బైట్లు రేఖాంశం, ఒక బైట్ వేగం, రెండు బైట్లు దిశ. తర్వాత సెల్ టవర్ వివరాలు ఎనిమిది బైట్లు. రెండు బైట్లు వరుస సంఖ్య, రెండు బైట్లు చెక్‌సమ్ (దారిలో ఏమీ చెడలేదని సరిచూసే లెక్క), చివర 13, 10. అక్షాంశాన్ని డిగ్రీలు ఇంటూ 18 లక్షలు చేసి పూర్ణసంఖ్యగా పంపుతుంది. హైదరాబాద్ 17.385 డిగ్రీలు అనుకుంటే 3,12,93,000 అవుతుంది, తీగ మీద అది 1, 221, 126, 72 అనే నాలుగు బైట్లుగా వస్తుంది. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

చిక్కంతా ఎక్కడంటే, టీసీపీకి ప్యాకెట్ అంటే ఏంటో తెలీదు. అది కాలవలో నీళ్లలాంటిది, మనం బిందెలతో పోసినా అవతల బిందెలుగా రాదు. 36 బైట్లు పంపితే ఒకసారి 20, ఇంకోసారి 16 రావచ్చు. బండి నల్లమల ఘాట్‌లోకి పోయిందనుకోండి, సిగ్నల్ ఉండదు, డబ్బా అన్నిటినీ దాచిపెట్టుకుని సిగ్నల్ తగలగానే మూటలా ఒకేసారి కుమ్మరిస్తుంది. గంట ప్రయాణానికి 360 ప్యాకెట్లు, 12,960 బైట్లు. బఫర్ మంచిదా కాదా అనేది ఇక్కడ తేలుతుంది, ఆఫీసులో వైఫై మీద పరీక్షిస్తే అన్నీ మంచివే.

పాతది 2002లో జావా 1.4తో వచ్చింది. దాంట్లో పొజిషన్ అని, ఇప్పుడు ఏ బైట్ దగ్గరున్నామో చూపించే ఒకే ఒక్క వేలు ఉంటుంది. రాసేటప్పుడూ అదే వేలు, చదివేటప్పుడూ అదే. రాయడం అయిపోయి చదవడం మొదలుపెట్టాలంటే ఫ్లిప్ అని పిలవాలి, అప్పుడు లిమిట్ (ఎక్కడిదాకా వెళ్లొచ్చో చెప్పే హద్దు) వేలు ఉన్న చోటికి వస్తుంది, వేలు సున్నాకి పోతుంది. మర్చిపోతే? సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) నుంచి 36 బైట్లు వచ్చాయి, వేలు 36 దగ్గర ఉంది, లిమిట్ 2048 దగ్గర ఉంది, మీరు చదవడం మొదలుపెడితే వచ్చిన ప్యాకెట్ వదిలేసి దాని వెనకున్న ఖాళీని చదువుతారు. ఏ ఎర్రరూ రాదు, సున్నాలు వస్తాయి, లేదా పోయినసారి మిగిలిన చెత్త వస్తుంది. సరే జాగ్రత్త కదా అని రెండుసార్లు పిలిచారా, రెండో ఫ్లిప్‌కి లిమిట్ కూడా సున్నా అవుతుంది, బఫర్ ఖాళీ అంటుంది. ఒకసారి పిలవకపోతే తప్పు, రెండుసార్లు పిలిస్తే తప్పు, ఎవరు పిలవాలో ఏ ఫంక్షన్ పేరూ చెప్పదు. మా పాత కోడ్‌లో ఒక చోట కామెంట్ ఉండేది, "ఇక్కడ ఫ్లిప్ ముట్టుకోవద్దు" అని. ఎవరు రాశారో ఎవరూ ఒప్పుకోలేదు.

ఫ్లిప్ సంగతి నెల రోజుల్లో అలవాటవుతుంది, నిజమే. మమ్మల్ని ముంచింది క్లియర్. పేరు చూస్తే తుడిచేస్తుందేమో అనిపిస్తుంది, తుడవదు, గుర్తుల్ని మొదటికి తెచ్చి ఊరుకుంటుంది. చదవగా సగం ప్యాకెట్ మిగిలితే క్లియర్ పిలవకూడదు, కంపాక్ట్ పిలవాలి, అది మిగిలిన ముక్కని ముందుకి జరుపుతుంది. మేం క్లియర్ పెట్టాం. సిటీలో తిరిగే బస్సులకి ఏ ఇబ్బందీ లేదు, ఒక్కో ప్యాకెట్ విడిగా వస్తుంది, మిగిలేది ఏమీ ఉండదు. శ్రీశైలం రూట్ టూరిస్టు బస్సుల దగ్గర మాత్రం మ్యాప్ మీద గీత అక్కడక్కడా మలుపు తిరగకుండా అడవిలోంచి సూటిగా పోయేది. రోజులు పట్టింది పట్టుకోవడానికి. మా బఫర్ 2048 బైట్లు, 36తో భాగిస్తే 56 ప్యాకెట్లకి 2016 బైట్లు, మిగిలిన 32 బైట్లు 57వ ప్యాకెట్ ముక్క. ఆ ముక్క మీద క్లియర్ పడేది. మూట విప్పిన ప్రతిసారీ 57వ వాడు గల్లంతు. తర్వాత వచ్చే నాలుగు బైట్ల తోకని మా కోడ్ చెత్త అనుకుని దాటేసి, మళ్లీ 120, 120 వెతుక్కుని ముందుకి పోయేది, అందుకే లాగ్‌లో కూడా పెద్దగా ఏమీ కనపడలేదు. జీపీఎస్ డబ్బాలదే తప్పని సప్లయర్‌తో రెండు వారాలు గొడవపడ్డాం. ఆ తర్వాత వాళ్లకి ఫోన్ చేసి సారీ చెప్పింది నేనే.

ఇప్పుడు నెట్టీది. ఇందులో వేళ్లు రెండు. రీడర్ ఇండెక్స్ ఒకటి, రైటర్ ఇండెక్స్ ఒకటి. సున్నా నుంచి రీడర్ దాకా చదివేసింది, రీడర్ నుంచి రైటర్ దాకా చదవాల్సింది, రైటర్ నుంచి చివరిదాకా ఖాళీ. ఫ్లిప్ లేదు. అసలు ఆ మాటే లేదు. రాస్తే రైటర్ జరుగుతుంది, చదివితే రీడర్ జరుగుతుంది, ఒకదాని జోలికి ఇంకొకటి రాదు. ఇంత చిన్న మార్పుకి ఇంత తేడా ఉంటుందా అంటే, నా అనుభవంలో ఉంది, మా డీకోడర్ (బైట్లని ప్యాకెట్లుగా విడదీసే కోడ్) మూడు వందల లైన్ల నుంచి ఎనభైకి వచ్చింది, పోయిన లైన్లన్నీ "ఇప్పుడు నేను చదివే మూడ్‌లో ఉన్నానా రాసే మూడ్‌లో ఉన్నానా" అని తనని తాను అడుక్కునేవే. అయిదుకి అయిదు దీనికే ఇచ్చేస్తా, మిగతా కోతలు తర్వాత.

రెండో మంచి విషయం, గెట్, రీడ్ అని రెండు కుటుంబాలు. రీడ్ అంటే చదివి వేలు జరుపుతుంది. గెట్ అంటే తొంగి చూస్తుంది, వేలు ఎక్కడిది అక్కడే. ప్యాకెట్ పూర్తిగా వచ్చిందో లేదో తెలియాలంటే ముందు పొడవు చూడాలి, చూశాక ఇంకా రాలేదని తెలిస్తే ఏమీ ముట్టుకోనట్టు వెనక్కి రావాలి. మూడో బైట్‌ని గెట్‌తో చూస్తాం, 31 ఉంది, అంటే మొత్తం 36 కావాలి, చేతిలో 20 ఉన్నాయి, అక్కడితో రిటర్న్. నెట్టీ మిగతా 16 వచ్చాక రెండూ అతికించి మళ్లీ మనల్ని పిలుస్తుంది. పాతదాంట్లో కూడా తొంగి చూసే గెట్ ఉంది, కాకపోతే రెంటికీ పేరు ఒక్కటే, బ్రాకెట్లో నంబర్ ఇచ్చావా లేదా అన్నదే తేడా. రాత్రి పదకొండుకి కోడ్ చదివేవాడికి ఆ తేడా కంటికి ఆనదు.

మూడోది నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది. జావాలో బైట్‌కి మైనస్ ఉంటుంది, 127 దాటితే మైనస్‌లోకి పోతుంది. పాతదాంట్లో చదివిన ప్రతి బైట్‌నీ 255తో యాండ్ (మైనస్ పోగొట్టే చిట్కా) చేసుకోవాలి, చేసుకుంటామనే అనుకుంటాం. వేగం ఒక్క బైట్ అని చెప్పాను కదా. స్కూలు బస్సులు 127 దాటవు, దాటకూడదు కూడా, అందుకే ఏడాదిపాటు బయటపడలేదు. క్యాబులు వచ్చాక ఒకరోజు మా టీమ్‌లో కుర్రాడు స్క్రీన్ చూపించి, "అన్నా, ఓఆర్ఆర్ మీద ఒక బండి మైనస్ 126లో పోతోంది, రివర్స్ గేరా?" అన్నాడు. 130 మీద పోతున్నాడు పాపం. నెట్టీదాంట్లో రీడ్ అన్‌సైన్డ్ బైట్, రీడ్ అన్‌సైన్డ్ షార్ట్, రీడ్ అన్‌సైన్డ్ ఇంట్ అని, అంటే మైనస్ లేనిదని, పేర్లలోనే ఉంది, పేరు టైప్ చేసేటప్పుడే ఏది కావాలో ఆలోచించక తప్పదు. మూడు బైట్ల సంఖ్యకి రీడ్ అన్‌సైన్డ్ మీడియమ్ అని ఒకటి ఉంది, ఇదెవరికి పనికొస్తుంది అని మొదట నవ్వాను, సెల్ టవర్ ఐడీ సరిగ్గా మూడు బైట్లు. నోరు మూసుకున్నాను.

అలాగే బైట్ల వరుస. కొన్ని డబ్బాలు పెద్ద విలువ ముందు పంపుతాయి, కొన్ని చిన్నది ముందు. పాతదాంట్లో బఫర్‌కి ఆర్డర్ అని ఒక సెట్టింగ్ పెట్టాలి, పెట్టాక దాని నుంచి స్లైస్ (కాపీ చేయకుండా కోసిన ముక్క) తీస్తే ఆ స్లైస్ మళ్లీ డిఫాల్ట్‌కి, అంటే పెద్దది ముందు అనే దానికి, చెప్పకుండా వెళ్లిపోతుంది. ఇది డాక్యుమెంట్‌లో ఉంది, ఉన్నంత మాత్రాన న్యాయం అయిపోదు. నెట్టీ 4.1లో రీడ్ ఇంట్, రీడ్ ఇంట్ ఎల్ఈ అని రెండు వేరు వేరు పేర్లు. బఫర్ మూడ్ గుర్తుపెట్టుకునే పని లేదు.

చిన్న చిట్కా ఒకటి, ఎవరికైనా పనికొస్తుంది. లాగిన్ ప్యాకెట్‌లో ఐఎంఈఐ (డబ్బా గుర్తింపు నంబర్) ఎనిమిది బైట్లలో వస్తుంది, బైట్‌కి రెండు అంకెల చొప్పున. దాన్ని విడదీయడానికి లూపులు రాసేవాళ్లని చూశాను, నేనూ రాశాను. బైట్‌బఫ్ యుటిల్‌లో హెక్స్ డంప్ అని, ఒక్కో బైట్‌ని రెండేసి అక్షరాలుగా రాసిచ్చేది ఉంది, ఆ ఎనిమిది బైట్ల మీద పిలిచి మొదటి సున్నా కొట్టేస్తే 15 అంకెల ఐఎంఈఐ తయారు. అదే క్లాస్‌లో ప్రెట్టీ హెక్స్ డంప్ కూడా ఉంది, కొత్త డబ్బా వచ్చినప్పుడు దాని బైట్లన్నీ పట్టికలా గీసి చూపిస్తుంది. డిబగ్ చేసేటప్పుడు నా చేయి ముందుగా పోయేది దాని మీదికే.

పొడవు ఆధారంగా ప్యాకెట్లు కోసి ఇచ్చే రెడీమేడ్ డీకోడర్ కూడా ఉంది, లెంగ్త్ ఫీల్డ్ బేస్డ్ ఫ్రేమ్ డీకోడర్ అని రైలంత పేరు. దానికి అయిదు నంబర్లు ఇవ్వాలి. గరిష్ఠ పొడవు, పొడవు బైట్ ఎక్కడ మొదలు, ఎన్ని బైట్లు, ఎంత సర్దుబాటు, ముందు నుంచి ఎన్ని తీసేయాలి. మా ప్యాకెట్‌కి చివరి నాలుగూ 2, 1, 2, 0. మూడోది 2 ఎందుకంటే పొడవు లెక్కలో చివరి 13, 10 ఉండవు, అందుకని రెండు కలపాలి. ఇది మొదటిసారి సరిగ్గా పెట్టినవాళ్లు ఉంటే వాళ్లకి నా నమస్కారం. కాకపోతే మాకు ఇది పూర్తిగా సరిపోలేదు, ఇదే ప్రోటోకాల్‌లో పొడవాటి ప్యాకెట్లు 121, 121తో మొదలై పొడవుకి రెండు బైట్లు వాడతాయి, కాబట్టి చివరికి సొంత డీకోడర్ రాసుకున్నాం. అందులో నేను పెట్టిన తప్పు సంగతి చివర్లో.

గరిష్ఠ పొడవు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెద్దగా పెట్టకండి. మా ఇంకో సర్వర్‌లో నాలుగు బైట్ల పొడవు, ఆ తర్వాత సమాచారం, ఇంతే ప్రోటోకాల్. ఒకరోజు లాగ్‌లో ఎర్రర్, ప్యాకెట్ పొడవు 1,19,57,25,860 బైట్లట, పారేశాను అంటోంది. నూటపందొమ్మిది కోట్లు! ఎవడో దాడి చేస్తున్నాడని ఆఫీసంతా టెన్షన్. తీరా చూస్తే ఏదో స్కానర్ మా పోర్ట్‌ని వెబ్‌సైట్ అనుకుని మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపింది. జీ, ఈ, టీ, ఒక ఖాళీ, ఈ నాలుగు అక్షరాల్ని సంఖ్యగా చదివితే 1,19,57,25,856 వస్తుంది, దానికి పొడవు బైట్లు నాలుగు కలిస్తే ఆ ఎర్రర్‌లోని లెక్క. ఈ సంఖ్య మీ లాగ్‌లో కనపడితే కంగారు పడకండి. మేం పది లక్షల చిల్లర దగ్గర హద్దు పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది, హద్దు లేకుండా చేత్తో రాసుకున్న డీకోడర్ అయితే అంత చోటు తియ్యబోయి సర్వర్ పడిపోయేది. నెట్టీ బఫర్ అవసరాన్ని బట్టి తనే పెరుగుతుంది, అది సుఖమే, కాకపోతే ఎంతదాకా పెరగాలో మీరు చెప్పకపోతే రెండు గిగాబైట్ల దాకా సై అంటుంది.

ఇక తిట్లు.

నెట్టీ 4.0 2013లో వచ్చింది. అంతకుముందు 3లో ఛానెల్ బఫర్ అని ఉండేది, రెండు వేళ్ల ఆలోచన అప్పుడే ఉంది. 4లో కొత్తగా చేసింది ఏంటంటే బఫర్‌ని ఎవరు పట్టుకున్నారో లెక్కపెట్టడం. ఎందుకంటే సాకెట్‌కి నేరుగా పనికొచ్చే డైరెక్ట్ మెమరీ జావా హీప్ (జావా తనే చూసుకునే మెమరీ) బయట ఉంటుంది, దాన్ని తీసుకోవడం ఖరీదు, చెత్త ఎత్తే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఎప్పుడు వదిలిస్తుందో చెప్పలేం. కాబట్టి వాళ్లు ఒక పూల్ పెట్టి, తీసుకో, వాడుకో, తిరిగివ్వు అన్నారు. అచ్చం టెంట్ హౌస్. పెళ్లికి గుండిగలు, గరిటెలు, కుర్చీలు అద్దెకు తెస్తాం, కొనం. పని అయ్యాక లెక్కపెట్టి తిరిగిస్తాం. రిటెయిన్ అంటే ఇంకొకరు కూడా వాడుతున్నారని చీటీలో రాయడం, రిలీజ్ అంటే ఒకరు ఇచ్చేశారని కొట్టేయడం. సున్నా అయితే గిన్నె టెంట్ హౌస్‌కి పోతుంది.

వినడానికి బాగుంది. జావా వాళ్లకి ఇరవై ఏళ్లుగా ఎంగిలి విస్తరి ఎత్తే అలవాటు లేదు, అదీ గొడవ.

మా ఉగాది సెలవు ఇలా పోయింది. సర్వర్ నాలుగైదు రోజులకోసారి పడిపోతోంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ బాగుంటుంది. హీప్ గ్రాఫ్ గీత గీసినట్టు ప్రశాంతంగా ఉంది, హీప్ డంప్ తీస్తే అందులో ఏ దోషం లేదు, కానీ టాప్ కమాండ్‌లో ప్రాసెస్ మెమరీ రోజురోజుకీ ఉబ్బుతోంది. చివరికి పడిపోయేటప్పుడు ఔట్ ఆఫ్ డైరెక్ట్ మెమరీ, 1,67,77,216 బైట్లు దొరకలేదు అంటుంది. 36 బైట్ల ప్యాకెట్‌కి కోటి అరవై ఏడు లక్షల బైట్లు ఎందుకు అడుగుతోందిరా నాయనా అని తల పట్టుకున్నాం. అది పూల్ ఒక్కసారి తెచ్చుకునే ముద్ద, 16 మెగాబైట్లు, తర్వాతి వెర్షన్లలో 4కి తగ్గించారు. అంటే అడిగింది మన ప్యాకెట్ కాదు, గిన్నెలన్నీ బయటే ఉండిపోతే టెంట్ హౌస్ వాడు కొత్త లాట్ కొనబోతున్నాడు.

కారణం చూస్తే సిగ్గేసింది. హ్యాండ్లర్‌లో, అంటే వచ్చిన ప్యాకెట్‌తో ఏం చేయాలో చూసే కోడ్‌లో, ప్యాకెట్ రకాన్ని బట్టి స్విచ్ ఉంది. లాగిన్ అయితే ఇది చెయ్, లొకేషన్ అయితే అది చెయ్, హార్ట్‌బీట్ (బతికే ఉన్నాను అని చెప్పేది) అయితే జవాబివ్వు, ఇవన్నీ చివర రిలీజ్ పిలుస్తాయి. చివర్లో, తెలియని రకం అయితే ఊరికే రిటర్న్. రిలీజ్ లేదు. ఆ నెల కొత్తగా పెట్టిన డబ్బాలు మా జాబితాలో లేని రకం ప్యాకెట్ ఒకటి అప్పుడప్పుడు పంపుతున్నాయి. సరే, 36 బైట్ల లీక్‌కి సర్వర్ పడిపోవాలా? ఇక్కడే అసలు మెలిక. డీకోడర్ మనకి ఇచ్చేది కాపీ కాదు, పెద్ద బఫర్‌లోంచి కోసిన స్లైస్. చిన్న ముక్క వదలకపోతే దాని వెనకున్న పెద్ద బఫర్ మొత్తం ఆగిపోతుంది. ఒక గరిట తిరిగివ్వలేదని గుండిగ కూడా మన ఇంట్లోనే ఉండిపోయినట్టు.

లీక్ పట్టే పరికరం నెట్టీలోనే ఉంది, బాగుంది కూడా, నాలుగు స్థాయిలు. డిఫాల్ట్ స్థాయిలో సుమారు 128 బఫర్లలో ఒకదాన్ని గమనిస్తుంది, రిలీజ్ కాకుండా గార్బేజ్ కలెక్టర్ చేతికి చిక్కితే లాగ్‌లో లీక్ అని పెద్దక్షరాల్లో అరుస్తుంది. ఎక్కడ పోయిందో మాత్రం చెప్పదు, అది తెలియాలంటే అడ్వాన్స్‌డ్ పెట్టాలి, అన్నిటినీ గమనించాలంటే పారనాయిడ్. మా స్టేజింగ్‌లో (పరీక్షల సర్వర్‌లో) పారనాయిడ్ ముందునుంచీ ఉంది, కానీ అక్కడ ఆ కొత్త డబ్బాలు లేవు, ఏం లాభం. ప్రొడక్షన్‌లో ఒక్క సర్వర్ మీద అడ్వాన్స్‌డ్ పెట్టాక మూడు గంటల్లో లైన్ నంబర్‌తో సహా దొరికింది. అసలు ఆ అరుపు అంతకుముందు కూడా లాగ్‌లో ఉందని, మేమే చూడలేదని తర్వాత తెలిసింది. ఇది నెట్టీ తప్పు కాదు, రాసి పెడుతున్నాను అంతే.

లీక్ కన్నా భయంకరమైనది దీనికి తిరగేసింది, ముందే ఇచ్చేయడం. ప్యాకెట్‌ని డేటాబేస్ థ్రెడ్‌కి (పక్కన విడిగా నడిచే పనికి) అప్పగించి, రిటెయిన్ పిలవడం మర్చిపోయాం. మేం వాడిన సింపుల్ ఛానెల్ ఇన్‌బౌండ్ హ్యాండ్లర్ తన పని అవ్వగానే మర్యాదగా రిలీజ్ చేసేస్తుంది. డేటాబేస్ థ్రెడ్ వచ్చి తెరిచేసరికి చాలాసార్లు లెక్క సున్నా అని ఎర్రర్ వస్తుంది, అది అదృష్టం. దురదృష్టం ఏంటంటే, ఈలోపు ఆ బఫర్ ఇంకో కనెక్షన్‌కి అద్దెకి పోయి ఉంటే ఎర్రర్ రాదు, ఎందుకంటే లెక్క మళ్లీ ఒకటి అయింది, బైట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ వేరేవాళ్ల బైట్లు. మన గుండిగ మూత తీస్తే పక్కింటి పెళ్లి సాంబారు. మియాపూర్ స్కూలు బస్సు రెండు పాయింట్ల పాటు విజయవాడ హైవే మీద కనపడింది, ఒక తల్లి ఫోన్ చేసింది, ఆ కాల్ ఎత్తింది నేను కాదు కానీ పక్కనే ఉన్నాను. ఆ రోజు నుంచి మా దగ్గర ఒకటే పద్ధతి, బైట్‌బఫ్ హ్యాండ్లర్ గడప దాటకూడదు. లోపలే మామూలు జావా ఆబ్జెక్ట్‌గా మార్చేయాలి, ఫైనల్లీలో (ఏం జరిగినా చివర తప్పక నడిచే ముక్కలో) రిలీజ్ చేయాలి, బయటికి ఆ ఆబ్జెక్ట్ మాత్రమే పోవాలి. కాస్త వేగం తగ్గుతుందని ఎవరైనా అంటే తగ్గనివ్వండి.

పేర్ల గందరగోళం మీద కూడా ఒక మాట. స్లైస్, రీడ్ స్లైస్, రిటెయిన్డ్ స్లైస్, రీడ్ రిటెయిన్డ్ స్లైస్, డూప్లికేట్, రిటెయిన్డ్ డూప్లికేట్, కాపీ, రీడ్ బైట్స్. వీటిలో ఏది లెక్క పెంచుతుంది, ఏది పెంచదు, ఏది కొత్త మెమరీ తీసుకుంటుంది అనేది నేను ఇంటర్వ్యూల్లో అడగను, అడిగితే నేనే తప్పుతాను. పేరులో రిటెయిన్డ్ ఉంటే పెంచుతుంది అని గుర్తుపెట్టుకుంటే సగం బతికిపోతారు. రీడ్ బైట్స్‌కి నంబర్ మాత్రం ఇస్తే కొత్త బఫర్ తీసి కాపీ చేస్తుంది, దాన్నీ మీరే రిలీజ్ చేయాలి, ఇది చాలామందికి తెలీదు.

ఎవరు వాడాలి అంటే, యాభై డబ్బాలు, ఒక సర్వర్ అయితే ఇంత హంగామా అక్కర్లేదు, మామూలు డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్‌తో కనెక్షన్‌కో థ్రెడ్ పెట్టి హాయిగా ఉండొచ్చు, అది పూర్తి బైట్లు వచ్చేదాకా తనే ఆగుతుంది. జావా 21లో వర్చువల్ థ్రెడ్లు వచ్చాక ఆ దారి ఇంకా నయం. వేలల్లో కనెక్షన్లు, మెమరీ తక్కువ, అప్పుడు నెట్టీ. మీకు తెలియకుండా ఇప్పటికే వాడుతూ ఉండొచ్చు కూడా, కసాండ్రా డేటాబేస్ లోపల ఇదే, మీ పిల్లలు ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ప్యాకెట్లు మోసేదీ ఇదే. రెండు వేళ్ల డిజైన్‌ని స్విఫ్ట్ భాషలో ఇలాంటి లైబ్రరీ అయిన స్విఫ్ట్ ఎన్ఐఓ వాళ్లు కూడా తీసుకున్నారు, అక్కడ లెక్క భాషే చూసుకుంటుంది కాబట్టి రిలీజ్ గోల లేదు, ఆ విషయంలో అసూయగా ఉంది.

నా మార్కులు అయిదుకి నాలుగు. రిలీజ్ గోలకి అర మార్కు కోత. మిగతా అర మార్కు ఎక్కడ పోయిందంటే, ఇందాక చెప్తానన్న నా తప్పు దగ్గర. కొత్తగా చేరిన అమ్మాయి మా డీకోడర్‌కి ఒక టెస్ట్ రాసింది, 36 బైట్ల ప్యాకెట్‌ని ఒక్కో బైట్ చొప్పున 36 సార్లు పంపడం, చివర ఒక ప్యాకెట్ బయటికి రావాలి, బఫర్ లెక్క సున్నా అవ్వాలి. ప్యాకెట్ రాలేదు. "టెస్ట్‌లో ఏదో తప్పుంది, చూడమ్మా" అన్నాను పెద్దరికంగా. ఆమె చూసి, "టెస్ట్ కరెక్టే అన్నా, మీరు మొదటి రెండు బైట్లు చూసే చోట ఒక్కటే ఉన్నా కూడా చూసేస్తున్నారు" అంది. నిజమే. ఒక్క బైట్ వచ్చినప్పుడు గెట్‌తో రెండు బైట్లు తొంగి చూస్తున్నాను, రెండోది ఇంకా రాలేదు కాబట్టి అక్కడేదో చెత్త ఉంది, 120, 120 కాదు కాబట్టి మొదటి బైట్‌ని చెత్తగా పారేస్తున్నాను, ఇక ఆ ప్యాకెట్ గోవిందా. గెట్ ఎర్రర్ ఇవ్వాలి కదా అని సోర్స్ తెరిచి చూశాను. గెట్ రైటర్ ఇండెక్స్‌ని అసలు చూడదు, కెపాసిటీ లోపల ఉంటే చాలు, రాయని చోటు నుంచి కూడా ఏది ఉంటే అది తెచ్చి చేతిలో పెడుతుంది. డాక్యుమెంటేషన్‌లో ఆ ముక్క ఉంది. నేను చదవలేదు.